బీడు సాగులోకి తేవాలంటే ముందు గొర్రు, తర్వాతే రోటవేటర్

మన నెల్లూరు జిల్లాలో వింజమూరు, కలిగిరి వైపు మెట్టలో ఏళ్ల తరబడి బీడుపడిన చేలు మళ్లీ ఇప్పుడిప్పుడే సాగులోకి వస్తున్నాయి. ఒకరు ఇరవై సెంట్లలో కూరగాయలు వేస్తామంటారు, ఇంకొకరు ఎకరంలో నిమ్మ నాటుతామంటారు. ఆ మాట వింటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అయితే ఫోను చేసే ప్రతివారూ ఒకే మాట అడుగుతారు: "అన్నా, రోటవేటర్ తెచ్చి ఒక్కసారి తిప్పిపోతావా?" నాది 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్, నాలుగు అడుగుల రోటవేటర్. ట్రాక్టర్ వెనక తగిలిస్తే, తిరిగే బ్లేడ్లతో మట్టిని కోసి మెత్తగా చేసేదే రోటవేటర్. బాడుగకు తోలడమే నా జీవనం. అయినా బీడు నేలలోకి మొదటిరోజే రోటవేటర్ దించను. పైన నాలుగు అంగుళాలు పిండి అవుతుంది, కింద గట్టినేల అలాగే ఉంటుంది, మధ్యలో గరిక ముక్కలు ముక్కలై చేనంతా పాకుతుంది. ఆ చేను చూడటానికి రెండు వారాలు బాగుంటుంది, అంతే.

మొదట చేనంతా నడిచి చూడండి. ట్రాక్టర్ మీద కూర్చుని చూస్తే కనబడనివి నడిస్తే కాలికి తగులుతాయి. మన మెట్టలో పలుగురాళ్లు ఎక్కువ. తలకాయంత రాయి నేలలో దాగి ఉంటే బ్లేడు వంగుతుంది, లేదా బోల్టు తెగుతుంది. పాత ముళ్లకంచె తీగ, పగిలిన బోరు పైపు, హద్దురాయి, డ్రిప్ గొట్టం ఎక్కడున్నాయో చూసి తీయండి, తీయలేనిచోట కర్ర పాతి గుర్తు పెట్టండి. అన్నిటికంటే చెడ్డది పాత చీర. పందులు రాకుండా చేను చుట్టూ చీరలు కడతారు కదా, అవి చివికి మట్టిలో కలిసిపోతాయి. రోటవేటర్ ఇరుసుకు ఒక్క చీరపేలిక చుట్టుకుంటే చాలు, తిరిగేకొద్దీ బిగిసి అంచున ఉన్న సీలు దాకా పోతుంది. సీలు తెగితే ఆయిల్ కారిపోతుంది, ఆయిల్ లేక బేరింగు పోతుంది. అందుకే గంటకొకసారైనా ఆపి, ఇంజను కట్టేసి, కిందికి వంగి చూస్తాను. చుట్టుకున్నది ఏదైనా కత్తితో కోసి తీసేస్తాను.

చిల్లచెట్లను, అంటే సర్కారు తుమ్మను, నేలమట్టానికి నరికి వదిలేస్తే పని అయినట్టు కాదు. మొదలు మళ్లీ చిగురిస్తుంది, ఈసారి ఒక్క కొమ్మకు పది కొమ్మలు వేస్తుంది. మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి, చిగురు పుట్టే దుబ్బును వేరుతో సహా గడ్డపారతో పెకలించాలి. పెద్ద మొద్దులైతే జేసీబీ పెట్టించుకోవడమే మేలు, మినీ ట్రాక్టర్‌కు గొలుసు కట్టి లాగించవద్దు. వెనక ఇరుసు కంటే ఎత్తులో గొలుసు కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. కంప అంతా ఏరి గట్టుకు చేర్చాకే బండిని లోపలికి తేవాలి. ఆ ముల్లు ఎండినా టైరులోకి దిగుతుంది.

ఇక దుక్కి. మే, జూన్ నెలల్లో ఒక మంచి జల్లు పడగానే ఐదు పళ్ల గొర్రు (కల్టివేటర్) కట్టండి. ఎర్రగరప నేల ఎండితే గొర్రు పైపైన గీరుకుంటూ పోతుంది, నేల తడిసిన రెండు మూడు రోజులకు మాత్రం పన్ను చక్కగా దిగుతుంది. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా దున్నండి. చేను వాలుగా ఉంటే ఆఖరి సాళ్లు వాలుకు అడ్డంగానే పడాలి. మన జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. తుఫాను వాన ఒక్క రాత్రి గట్టిగా పడితే వాలు వెంబడి దున్నిన మట్టంతా వాగులో ఉంటుంది.

గొర్రు చేసే అసలు మేలు గరిక విషయంలో కనబడుతుంది. పళ్లు గరిక తీగను తెంపకుండా పైకి లాగుతాయి. అది తెల్లటి వేళ్లతో ఎండలో పడి ఉంటుంది. నాలుగైదు రోజులు ఎండనిచ్చి, దంతెతో గుట్టలు చేసి గట్టుకు వేయండి. రోటవేటర్ అయితే అదే తీగను కణుపు కణుపుగా కోస్తుంది, తేమ తగలగానే ప్రతి కణుపూ మొలకవుతుంది. ఓపిక ఉంటే ఎండాకాలంలోనే పది పదిహేను రోజుల ఎడంతో ఇంకోసారి గొర్రు తిప్పించండి. తుంగ ఉన్న మూల సంగతి వేరు. దాని గడ్డలు లోతుగా ఉంటాయి, ఎండకు అన్నీ చావవు. ఆ మూలలో రోటవేటర్ దించకండి, ఆ మట్టితోనే మిగతా చేనులోకి పోకండి. తుంగ నీడకు తట్టుకోలేదు కాబట్టి అక్కడ జనుము ఒత్తుగా చల్లడం మేలు.

ఆగస్టు, సెప్టెంబరు వానలకు రోటవేటర్ వంతు వస్తుంది. ముందు నేలలో పదును, అంటే తేమ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. బెత్తెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసకండి. ముద్ద కట్టి, కిందికి వదిలితే పగిలిపోవాలి. ముద్ద కాకపోతే దుమ్మే లేస్తుంది. చేతికి అంటుకుంటే ఇంకా ఆగాలి, నల్లరేగడి అయితే మరీ ఆగాలి. బురదగా ఉన్న రేగడిని తిప్పితే ఎండాక ఇటుకల్లాంటి పెళ్లలు తేలుతాయి.

రోటవేటర్ వెడల్పు వెనక టైర్ల అంచులు దాటి ఉండాలి, లేకపోతే టైరు తొక్కిన జాడ అణగి గట్టిగానే మిగిలిపోతుంది. రెండు పక్కలా నేలమీద జారే ఇనప పట్టీలు ఉంటాయి, లోతు వాటితోనే. మొదటి విడతకు రెండు మూడు అంగుళాలకు కట్టండి, రెండో విడత అడ్డంగా నాలుగైదు అంగుళాలకు దించండి. పీటీఓ, అంటే ఇంజను బలాన్ని రోటవేటర్‌కు అందించే వెనక షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు తిరిగేలా ఇంజను వేగం పెట్టి, బండిని మాత్రం 'లో' (తక్కువ వేగం) ఒకటో గేరులోనే నడపాలి. రోటవేటర్ నేలకు జానెడు ఎత్తులో ఉన్నప్పుడే పీటీఓ వేసి, బండి కదిలాక మెల్లగా దించండి. నిలబడిన చోటే దించితే, లేదా గట్టినేలలో ఒక్కసారిగా లోతుకు వదిలితే, పగ్గం తెంచుకున్న కోడెలా ట్రాక్టర్ ముందుకు దూకుతుంది. బ్లేడ్లు చక్రాలు తిరిగే వైపే తిరుగుతాయి, నేల తెగకపోతే అవే బండిని ముందుకు తోస్తాయి. అలా అనిపించగానే క్లచ్ తొక్కి రోటవేటర్ ఎత్తండి, లోతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. మలుపు దగ్గర ముందు ఎత్తాలి, తర్వాతే స్టీరింగు తిప్పాలి.

రోటవేటర్ దిగడం లేదని దాని మీద మనిషిని నిలబెట్టడం చాలాచోట్ల చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. దిగకపోతే నేల ఇంకా సిద్ధంగా లేదని అర్థం, మళ్లీ గొర్రు కట్టాలి. తిరిగే షాఫ్టు దగ్గరికి పంచె, కండువా, జారిన పైటతో ఎవరూ రాకూడదు. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే ఆ పూట పని ఆపి మార్పించండి. పిల్లలను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకోవద్దు. పలుగురాళ్ల నేలలో గంట పని చేశాక బ్లేడు బోల్టులు ఒకసారి బిగించండి. ఎడమ బ్లేడు, కుడి బ్లేడు వేరువేరు, మార్చేటప్పుడు అది చూసుకోండి.

రోటవేటర్ వెనక రేకును పూర్తిగా దించితే మట్టి మెత్తని పిండి అవుతుంది. కూరగాయల మడికి అది సరే, అదీ పైన రెండంగుళాలే. మిగతా చేనులో రేకు సగం ఎత్తి, నిమ్మకాయంత గడ్డలు అక్కడక్కడా మిగిలేలా వదలండి. మరీ పిండి చేస్తే గట్టి వాన కొట్టగానే పైన అట్ట కడుతుంది, గింజ మొలక బయటికి రాలేదు. ఏటా అదే లోతున రోటవేటర్ ఒక్కటే తిప్పితే బ్లేడ్ల కింద గట్టిపొర పడుతుంది, దాన్ని గొర్రుతోనే విరగ్గొట్టాలి.

మొదటి పంటగా డబ్బులొచ్చే పైరు కోసం తొందరపడకండి. ఎరువు వేయకముందే చేనులో పది చోట్ల ఆరంగుళాల లోతు వరకు మట్టి తీసి, కలిపి, అరకిలో రైతు సేవా కేంద్రంలో పరీక్షకు ఇవ్వండి. సెప్టెంబరులో పచ్చిరొట్ట ఎరువు కోసం ఎకరానికి పదిహేను ఇరవై కిలోల జనుము చల్లండి. నలభై అయిదు రోజులకు పూత మొదలవుతుంది. కాడ ముదరకముందే దాన్ని ముక్కలు చేసి మట్టిలో కలపడానికి రోటవేటర్‌ను మించినది లేదు. ఒకసారి రేకు ఎత్తి పైపైన, రెండోసారి కాస్త లోతుగా తిప్పండి. కలిపాక తేమ ఉంటే రెండు మూడు వారాలకు ఆ ఆకూ కాడా చివికిపోతుంది. మొక్కలు ఆ తర్వాతే నాటండి.