షుగర్ నివారణ బృందం: ఎవరిని పెట్టుకోవాలి, ఏ పని అప్పగించాలి

తిరువనంతపురం జిల్లా నెయ్యాట్టిన్‌కర తాలూకాలో 60 పోలింగ్ ప్రాంతాలు ఎంచుకుని, షుగర్ ముప్పున్న 1007 మందితో ఆస్ట్రేలియా పరిశోధకులు, అక్కడి వైద్య పరిశోధన సంస్థ శ్రీ చిత్ర తిరునాళ్ కలిసి షుగర్ రాకుండా చూసే ఒక కార్యక్రమం నడిపారు. కొన్ని చోట్ల జనాన్ని గుంపులుగా కట్టారు, మిగతా చోట కట్టలేదు. మూలం ఫిన్లాండ్ నమూనా. ప్రొఫెసర్లు ఎక్కడివాళ్లయినా గుంపుల్ని నడిపింది మాత్రం ఆ వాడలవాళ్లే. మీ మండలంలో అలాంటి జట్టు కట్టాలంటే డాక్టరు కంటే ముందు ముగ్గురిని వెతుక్కోవాలి.

మొదట టేపు పట్టే మనిషి. చెన్నైలో తయారైన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరు మొత్తం 100. వయసు, నడుము, శ్రమ, అమ్మానాన్నల షుగర్, ఈ నాలుగే లెక్క. 60 గానీ ఆ పైన గానీ వస్తే ముప్పు ఎక్కువ. కూర్చుని చేసే పని, వ్యాయామం లేదు, వయసు నలభై, అమ్మానాన్నలకు షుగర్ లేదు: అలాంటి ఆవిడ నడుము 79 సెం.మీ. అయితే స్కోరు 50, 80 అయితే 60. కుచ్చిళ్ల మీంచి కొలిస్తే లెక్క తప్పినట్టే. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. దర్జీ గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగని టేపు కొనండి. ఆడవాళ్లను కొలవడానికి ఆడమనిషినే పెట్టండి.

రెండోది గడియారం చూసే మనిషి. స్కోరు 60 గానీ ఆ పైన గానీ వచ్చినవాళ్లకు గ్లూకోజు పరీక్ష చేయాలి. రాత్రి నుంచి కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు పర్వాలేదు. "టీ చుక్క తాగారా?" అని విడిగా అడగండి, చాలామందికి టీ తిండి కింద లెక్కకు రాదు. పరగడుపు రక్తం తీశాక, 75 గ్రాముల నీరులేని గ్లూకోజు 250-300 మి.లీ. నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగించాలి. నీటి అణువున్న మోనోహైడ్రేట్ పొడి అయితే 82.5 గ్రాములు. రెండు గంటలకు మళ్లీ రక్తం తీయాలి, ఆ రెండు గంటలు మొదటి గుక్క నుంచి లెక్క. ఆ టైము ప్లాస్టరు ముక్క మీద రాసి చేతికి అంటించండి; కాగితం పోతుంది, చెయ్యి పోదు. మధ్యలో నడకకో బీడీకో బయటికి వెళ్లనివ్వకండి, వాంతి అయితే పరీక్ష రద్దు. రక్తం పట్టే బూడిదరంగు మూత గొట్టంలో, గ్లూకోజు తగ్గకుండా ఆపే ఫ్లోరైడు ఉన్నా అది వెంటనే పనిచేయదు. ఐసులో పెట్టి త్వరగా ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరుచేయకపోతే అంకె తగ్గిపోయి, జబ్బున్నవాళ్లు లేనట్టు తేలతారు. రెండు గంటల విలువ డెసిలీటరుకు 200 మి.గ్రా. లేదా ఆ పైన వచ్చినా, పరగడుపున 126 లేదా ఆ పైన వచ్చినా గుంపులోకి కాదు, నేరుగా పీహెచ్‌సీకి పంపండి.

మూడోది గుంపు పెద్ద, అసలు పని ఇక్కడే. పదిహేను, ఇరవై మందికి ఒక మగ, ఒక ఆడ. వాళ్లను సర్పంచి కాదు, గుంపే ఎన్నుకోవాలి. మన దగ్గర డ్వాక్రా లీడరు చేతికి అందుతారు గానీ, అప్పు వసూలు చేసే మనిషే ఆరోగ్యం అడిగితే జనం తప్పుకుంటారు. వేరేవాళ్లను చూసుకోవడం మంచిది. కేరళలో ఏడాదికి 15 సమావేశాలు పెట్టి, ఎక్కువ భాగం ఈ పెద్దలకే వదిలేశారు. ఉపన్యాసం మొదలెట్టారంటే గుంపు చెదిరిందన్నమాట. ఒక్కొక్కరితో ఒక్కో చిన్న లెక్క ఒప్పించాలి: నలుగురున్న ఇంట్లో నెలకు రెండు లీటర్ల నూనె, అంతే. మాత్రల మాటెత్తితే "పీహెచ్‌సీలో అడుగు" అనడం తప్ప ఇంకేం చెప్పకూడదు.

డబ్బిచ్చేవాళ్లకు ముందే ఒకటి చెప్పిపెట్టండి. నెయ్యాట్టిన్‌కరలో రెండేళ్లకు షుగర్ వచ్చినవాళ్లు గుంపులు కట్టిన చోట 14.9 శాతం, కట్టని చోట 17.1 శాతం, ఆ తేడా యాదృచ్ఛికం కాదని రుజువు కాలేదు. మద్యం తగ్గడం, పళ్లూ కూరలూ పెరగడం మాత్రం స్పష్టంగా కనిపించాయి. కాబట్టి షుగర్ కేసులతో పాటు ఇవీ రిజిస్టరులో ఎక్కాలి. వరుసగా రెండు సమావేశాలకు రానివాళ్ల పేరు కింద ఎర్రగీత గీసి, ఆ వారంలోనే గుంపు పెద్ద వాళ్లింటికి వెళ్లాలి. నాట్లు, కోతల రోజుల్లో మాత్రం గీత గీయకండి, సమావేశమే రాత్రికి మార్చండి.