ఆర్‌సీసీబీ పదే పదే పడిపోతుంటే లీకేజీని వెతికే పద్ధతి

ఇంటి కరెంటు లైన్లన్నీ విడిపోయే డీబీ బాక్సులో, ఒక్కో లైన్‌ను ఆపే ఎంసీబీ స్విచ్చుల కంటే వెడల్పుగా, చిన్న టెస్ట్ బటన్‌తో కనిపించేదే ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అన్న ఒక్క లెక్కనే అది చూస్తుంది. తిరిగి రాకుండా పక్కకు పోయే ఆ తేడానే లీకేజీ. ఇళ్లలో వాడే రకంలో అది 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకన్లలోపు సరఫరా ఆగిపోవాలి. అందులో సగం దాటిన తర్వాత ఎక్కడ పడిపోయినా అది ప్రమాణాలకు లోబడినదే కనుక, 20 దగ్గరే ట్రిప్ అయినంత (మీట పడిపోయినంత) మాత్రాన పరికరం చెడిపోయిందనుకోకూడదు. ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ దాని పరిధిలోకి రావు, అవి ఎంసీబీ చూసుకుంటుంది. అందువల్ల ముందుగా ఏ మీట పడిందో చూడాలి.

పడింది ఆర్‌సీసీబీయే అయితే, ఎంసీబీలన్నీ ఆపి, దాని మీటను పూర్తిగా కిందికి నొక్కి మళ్లీ పైకి ఎత్తాలి. అది నిలబడితే ఎంసీబీలను ఒక్కొక్కటిగా వేస్తూ రావాలి. ఏది వేయగానే ట్రిప్ అయిందో ఆ సర్క్యూట్‌లోని వస్తువులన్నింటి ప్లగ్గులూ తీసి, ఒక్కొక్కటే పెట్టి చూడాలి. ఇక్కడ చాలామంది స్విచ్ ఆపి ఊరుకుంటారు, వెతుకులాట అక్కడే దారి తప్పుతుంది. స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ వస్తువులోకి అలాగే వెళ్తూ ఉంటుంది. లోపల ఆ న్యూట్రల్ బాడీకి తగులుతుంటే స్విచ్ ఆపినా లోపం ఆగదు. కాబట్టి ప్లగ్ పీకి తీరాలి.

సింగిల్ పోల్ ఎంసీబీల విషయమూ ఇంతే, అవీ ఫేజ్‌నే తెంచుతాయి, న్యూట్రల్‌ను కాదు. ఎక్కడో గోడలో న్యూట్రల్, ఎర్త్ వైర్లు కలిసినప్పుడు ఇల్లంతా మామూలుగానే నడుస్తూ, ఇస్త్రీపెట్టె పెట్టగానే ట్రిప్ అవుతుంది. ఇస్త్రీపెట్టెలో ఏ దోషమూ ఉండదు. అది తీసుకున్న పెద్ద కరెంటులో కొంత భాగం తిరుగు దారిలో ఎర్త్‌లోకి మళ్లడమే కారణం. ఎంసీబీలన్నీ ఆపినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే మొదట అనుమానించాల్సింది న్యూట్రల్, ఎర్త్ ఇలా కలవడాన్నే, పరికరం మార్చడం ఆ తర్వాతి మాట. న్యూట్రల్ బార్ నుంచి వైర్లను విడదీసి వైరు తొడుగు (ఇన్సులేషన్) ఎంత బాగుందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్షించడం మాత్రం ఎలక్ట్రీషియన్ పని, ఇంట్లోవాళ్లు చేయదగినది కాదు. ప్రతి సర్క్యూట్‌కూ కనీసం 1 మెగాఓమ్ రావాలి.

హైదరాబాద్ ఇళ్లలో వస్తువుల్లో మొదటి అనుమానం గీజర్ మీదే ఉంచడం మంచిది. బోరు నీళ్ల సున్నం ఎలిమెంట్ మీద పెచ్చులుగా పేరుకుని, దాని లోహపు తొడుగు వేడెక్కి పగిలితే, లోపలి తెల్లని పొడిలోకి నీరు చేరి కరెంటు ట్యాంకులోకి కారుతుంది. అప్పుడు ఎలిమెంట్ మార్చడం తప్ప మార్గం లేదు. వానాకాలంలో బాల్కనీ వాషింగ్ మెషీన్ సాకెట్‌ను, మోటార్ స్టార్టర్ బాక్సును చూడాలి. పొద్దున పడిపోయి ఎండ రాగానే నిలబడితే తేమే కారణమని దాదాపు నిర్ధారించుకోవచ్చు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మరో చిక్కు ఉంటుంది. ఇన్వర్టర్ లైన్ న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి అవతల, మెయిన్ న్యూట్రల్‌తో కలిపేస్తే, ఏ లోపమూ లేకున్నా లెక్క తప్పుతుంది. కొత్తగా ఇన్వర్టర్ పెట్టించిన రోజు నుంచే ట్రిప్పింగ్ మొదలైతే ముందు అదే చూపించాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది కనుక, బోర్డు విప్పే ముందు దాన్ని కూడా ఆపించాలి.

“డైరెక్ట్ చేసేస్తాను సార్, ఇక పడదు” అంటూ ఆర్‌సీసీబీనే తప్పించబోయే ఎలక్ట్రీషియన్‌ను అక్కడితో ఆపడమే నయం. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే ట్రూప్ బజార్‌లో 100 మిల్లీ ఆంపియర్ల రకం కూడా దొరుకుతుంది గానీ, అది అగ్నిప్రమాదం నుంచి కాపాడగలదే తప్ప షాక్ కొట్టిన మనిషిని కాపాడుతుందని నమ్మడానికి లేదు. టెస్ట్ బటన్‌ను నెలకోసారి, సరఫరా ఉన్నప్పుడు నొక్కి చూడాలి. పడకపోతే ఆర్‌సీసీబీని వెంటనే మార్చాలి. ఈ బటన్‌కు ఎర్త్‌తో సంబంధం లేదు కాబట్టి అది పనిచేసినంత మాత్రాన ఇంటి ఎర్తింగ్ బాగున్నట్లు కాదు.

ఇంత వెతికినా ఏ ఒక్కటీ దోషిగా తేలకపోతే లీకేజీలు కూడుతున్నాయని అనుకోవాలి. కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీలు, ఎల్‌ఈడీ డ్రైవర్లు బాగున్నప్పుడు కూడా తలా కొంచెం ఎర్త్‌లోకి వదులుతాయి, ఇల్లంతా ఒకే ఆర్‌సీసీబీ కింద ఉంటే అవన్నీ కలిసి హద్దుకు చేరుకుంటాయి. అలాంటప్పుడు సర్క్యూట్లను రెండు ఆర్‌సీసీబీల కిందికి విడదీయించి, ఫ్రిజ్‌ను గీజర్‌తో కలవకుండా ఉంచాలి. ఏ సర్క్యూట్ న్యూట్రల్ దాని ఆర్‌సీసీబీ కిందికే, విడి న్యూట్రల్ బార్‌కు వచ్చేలా చూడమని ముందే చెప్పాలి. రెండు న్యూట్రళ్లు ఎక్కడ కలిసినా లోడ్ పడగానే రెండూ ట్రిప్ అవుతాయి.