ప్లాన్‌లో ఉన్న సున్నపురాయి కాటాకు రావడం లేదా? ముందు కోర్ రికవరీ చూడండి

సమస్య ఇలా ఉంటుంది. బ్లాకు 200 మీటర్ల పొడవు, 150 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల మందం. సాంద్రత ఘనమీటరుకు 2.6 టన్నులు వేసుకుంటే మొత్తం 9.36 లక్షల టన్నులు. తవ్వకం పూర్తి కావస్తుంది, కాటా చీటీలు కూడితే పదో వంతు తక్కువ. పైగా క్రషర్‌కి వెళ్లే రాయిలో సిలికా అనే మలినం పెరుగుతుంది. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల లీజుల ఫైళ్లు పట్టుకుని గుంటూరు వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇదే. వెంటనే సాఫ్ట్‌వేర్ మారుద్దాం, కొత్త బోర్లు వేద్దాం అంటారు. బోర్‌హోల్ లాగ్‌లో (బోరు రికార్డులో) కోర్ రికవరీ కాలమ్, అంటే డ్రిల్ చేసిన పొడవులో ఎంత శాతం రాతి కడ్డీగా (కోర్) బయటికొచ్చిందో చూశారా అంటే సమాధానం ఉండదు.

సులువైనవి ముందు తేల్చుకోండి. లీజు హద్దు వెంట వదలాల్సిన 7.5 మీటర్లు, బెంచీల (క్వారీ మెట్ల) వాలు కింద చిక్కుకుపోయే రాయి లెక్కలోంచి తీసేశారా? ఖనిజ వర్గీకరణలో 331 కోడ్ (కొలిచిన వనరు, లాభంగా తవ్వగలమని ఇంకా తేలనిది) కింద ఉన్న అంకెను 111 (తవ్వగలమని రుజువైన నిల్వ) అనుకుని వాడుతున్నారా? ఇవి సరిగ్గా ఉంటే అసలు దొంగ దగ్గరికి రండి.

అది మట్టి. గుత్తికొండ బిలం లోపలికి వెళ్లినవాళ్లకు సున్నపురాయిని నీళ్లు ఎంతగా తినేస్తాయో తెలుసు. అలాంటి సందులు, గుంతలు చిన్న సైజులో మన క్వారీల్లోనూ ఉంటాయి, వాటినిండా ఎర్రమట్టి. డ్రిల్లింగ్ నీళ్లకు ఆ మట్టి కొట్టుకుపోతుంది, కోర్ బాక్సులో గట్టి రాయే మిగులుతుంది. 12 నుంచి 15 మీటర్ల లోతు రన్‌లో (ఒక విడత డ్రిల్లింగ్‌లో) కోర్ 2.1 మీటర్లే వచ్చిందనుకోండి. ల్యాబ్‌కి వెళ్లేది ఆ 2.1 మీటర్లే, కానీ దాని ఫలితం టేబుల్లో మొత్తం 3 మీటర్లకూ ఎక్కుతుంది. సాంద్రత కూడా ఆ గట్టి ముక్కల మీదే కొలుస్తారు. అలా కాగితం మీద టన్నులూ పెరుగుతాయి, గ్రేడూ (కాల్షియం ఆక్సైడ్ శాతం) పెరుగుతుంది.

బ్లాకులో పదో వంతు మట్టి అయితే 93,600 టన్నుల రాయి అసలు లేనట్టే. మట్టిని ఏరకుండా క్రషర్‌కి పంపితే, ల్యాబ్‌లో 46 శాతం చూపిన కాల్షియం ఆక్సైడ్ దాదాపు 42.7కి దిగుతుంది (మట్టి సాంద్రత 1.8 అనుకుంటే). వానాకాలంలో ఈ లోటు సరిగ్గా కనపడదు. తడిమట్టి అంటిన రాయి కాటా మీద బరువు తూగి దాన్ని కప్పేస్తుంది.

కోర్ బాక్సు తెరిచి ముక్కల చివర్లు చూడండి. తాజాగా విరిగిన అంచు పదునుగా ఉంటుంది. అరిగి గుండ్రంగా ఉండి, ఎర్రటి పూత అంటుకుని ఉంటే అక్కడ ఏదో పోయిందని అర్థం. డ్రిల్లర్‌ని తప్పకుండా అడగండి. రాడ్ ఎక్కడ ఒక్కసారిగా దిగిందో, తిరిగొచ్చే నీళ్లు ఎక్కడ ఎర్రబడ్డాయో ఆయనకి గుర్తుంటుంది. లాగ్‌లో అది ఎవరూ రాయరు.

ఇక పరిష్కారం. ప్రతి రన్‌కీ రికవరీ శాతం కట్టి, 90 కంటే తక్కువ వచ్చినవి విడిగా పెట్టండి. తెరిచిన బెంచి ముఖం మీద టేపు పరిచి, మట్టి ఎన్ని మీటర్లు, రాయి ఎన్ని మీటర్లు కొలవండి. రెండు మూడు ముఖాలు కొలిస్తే తగ్గించాల్సిన శాతం చేతికొస్తుంది. సాంద్రతకు చిన్న గుంత తవ్వి, వచ్చిందంతా తూచి, గుంతలో ప్లాస్టిక్ షీటు పరిచి నీళ్లతో ఘనపరిమాణం కొలవండి. ముక్క సాంద్రత కంటే ఇదే నమ్మదగింది. రికవరీ తక్కువగా ఉన్న భాగాన్ని 111లో ఉంచకండి, 122కి (అంత రూఢి కాని, సంభావ్య నిల్వకి) దించండి. మళ్లీ బోర్లు వేసేటప్పుడు ట్రిపుల్ ట్యూబ్ బ్యారెల్ (కోర్ కొట్టుకుపోకుండా కాపాడే అదనపు లోపలి గొట్టం ఉన్నది) అడగండి, రన్ 1.5 మీటర్లు దాటనివ్వకండి, నీళ్లు తగ్గించమనండి. ఖర్చు పెరుగుతుంది. అయినా అడగండి, తప్పు అంకె మీద సిమెంటు ఫ్యాక్టరీకి సరఫరా ఒప్పుకుంటే పడే టెన్షన్ అంతకంటే ఎక్కువ.

ల్యాబ్ తప్పు, సర్వే లెవెల్ తప్పు, కాటా తప్పు అరుదు. కొన్ని డూప్లికేట్ శాంపిళ్లు వేరే ల్యాబ్‌కి పంపితే, రెండు మూడు పాయింట్ల దగ్గర లెవెల్ మళ్లీ తీస్తే, కాటాను తెలిసిన బరువుతో ఒకసారి సరిచూస్తే అవి తేలిపోతాయి.