‘రెడ్’ ఆల్బమ్‌ను చేత్తో తాళం వేస్తూ వినడం ఎలా?

మూలాపేటలో నా దగ్గర మృదంగం నేర్చుకునే పిల్లల్లో కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు కింగ్ క్రిమ్సన్ ‘రెడ్’ వినమని చెబుతుంటాను. ఇంగ్లండ్‌కు చెందిన ఈ ప్రోగ్రెసివ్ రాక్ బృందం 1974 వేసవిలో లండన్ ఒలింపిక్ స్టూడియోలో దీన్ని రికార్డు చేసింది. సెప్టెంబరు చివర్లో గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ బృందాన్ని రద్దు చేశాడు. అక్టోబరులో ఆల్బమ్ విడుదలయ్యేసరికి బృందమే లేదు. 1981లో మళ్లీ అదే పేరుతో వచ్చారు కానీ, ఆ సంగీతం దారి వేరు.

ఐదు రచనలు, మొత్తం 40 నిమిషాలు. ఒకే బిగిన వినాలి. ఎండాకాలం నెల్లూరులో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎవరి తరమూ కాదు, కానీ ‘ప్రావిడెన్స్’ మొదట్లో వచ్చే వయొలిన్ ఆ చప్పుడులో మునిగిపోతుంది. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేదంటే శీతాకాలం దాకా ఆగండి. ఒంగోలు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుని మాత్రం వినవద్దు.

గొంతు కోసం ఎదురుచూడకండి. బాలు పాటలతో పెరిగిన ఊరు మనది, పల్లవి ఎప్పుడు అందుకుంటారా అని మన చెవి కాచుకుని ఉంటుంది. ఇక్కడ మొదటి రచన ‘రెడ్’లోనూ, నాలుగోదైన ‘ప్రావిడెన్స్’లోనూ గానమే లేదు. ‘రెడ్’ వింటున్నప్పుడు గిటారును వదిలేసి, కింద మంద్రంగా నడిచే జాన్ వెటన్ బేస్ గిటారును పట్టుకోండి. దారి తెలుస్తుంది.

‘ఫాలెన్ ఏంజెల్’ వీధి ముఠాల కొట్లాటలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్న పాట. ఓబో, కార్నెట్ అనే ఊదే వాద్యాలు పలికే చోట్ల ఆగి వినండి. తర్వాతది ‘వన్ మోర్ రెడ్ నైట్‌మేర్’, విమానం కూలిపోతున్నట్టు కలగని, బస్సులో మేలుకున్నవాడి పాట. డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ వాయింపు కోసం దీన్ని రెండోసారి కూడా వినాలి. రేకు చిరిగినట్టు మోగే ఆ సింబల్ (డ్రమ్ములతో పాటు వాయించే లోహపు పళ్లెం) నిజంగానే విరిగినది, చెత్తలోంచి ఏరి తెచ్చుకున్నాడట! ఈ పాట చివర కోసినట్టు తెగిపోతుంది. ఫైలు పాడైందనుకోకండి, అసలు అంతే. గ్రామఫోను రికార్డులో మొదటి వైపు ముగిసేది అక్కడే కాబట్టి మీరూ లేచి మంచినీళ్లు తాగి రండి.

‘ప్రావిడెన్స్’ అమెరికాలో అదే పేరున్న ఊరి కచేరీలో అప్పటికప్పుడు వాయించింది. నచ్చకపోయినా దాటవేయకండి. ఆ అలజడి తర్వాత వింటేనే ‘స్టార్‌లెస్’ మొదటి స్వరాలు పడాల్సిన చోట పడతాయి.

ఇక ‘స్టార్‌లెస్’, 12 నిమిషాలకు పైగా ఉంటుంది. మెలోట్రాన్ (టేపు మీది ధ్వనులను మెట్లతో పలికించే వాద్యం) పరిచిన శ్రుతి మీద గిటారు మెల్లగా పాడినట్టు మొదలవుతుంది, తర్వాత వెటన్ గొంతు కలుస్తుంది. నాలుగు నిమిషాలు దాటాక గొంతు ఆగి బేస్ ఒక్కటే మిగులుతుంది. అక్కడ చెయ్యి తొడ మీద పెట్టండి. అది పదమూడు లెక్కల తాళం. నేను తకధిమి, తకధిమి, తకతకిట అని లెక్కపెట్టుకుంటాను. ఆదితాళానికి అలవాటైన చెయ్యి మొదట తప్పుతుంది, నోటితో ఆ జతి చెబుతూ వేస్తే నిలుస్తుంది. పైన ఫ్రిప్ ఒక్క స్వరాన్నే పట్టుకుని మీటుతుంటాడు, కాసేపటికి ఇంకొంచెం పైకి వెళతాడు. బ్రూఫర్డ్ మొదట అక్కడొక దెబ్బ, ఇక్కడొక దెబ్బ వేస్తాడు, పోనుపోను నింపుతాడు. ఇన్ని నిమిషాలు అంత తక్కువ స్వరాలతో బిగింపు పెంచగల ధైర్యం నేను మరెక్కడా వినలేదు.

తొమ్మిదో నిమిషం దాటాక ఒక్కసారిగా వేగం రెట్టింపవుతుంది, సాక్సఫోన్ దూసుకొస్తుంది. కంగారుపడకండి, అది మన రెండో కాలమే, లెక్క ఆ పదమూడే. తాళం వదలకుండా అక్కడికి చేరినవాళ్లకే ఆ తర్వాత వచ్చేది పూర్తిగా దక్కుతుంది. మొదట గిటారు మెల్లగా పాడిన వరుసే గొంతెత్తి తిరిగి వస్తుంది. అప్పుడిక లెక్క మానేయండి.