ఆయుధాల చట్టం కేసులో డిఫెన్స్ – 4వ పాఠం: మహజరు చదవడం

పోయిన పాఠంలో సెక్షన్లు విడదీసుకున్నాం. ఒక్కసారి గుర్తు చేసుకుని ముందుకు వెళ్దాం. లైసెన్సు లేని తుపాకీ, తూటాలు అయితే 3వ సెక్షన్ ఉల్లంఘన, శిక్ష 25(1బి)(ఎ) కింద. నేరం తేదీ 2019 డిసెంబరు 14 కంటే ముందుదైతే ఒకటి నుంచి మూడేళ్లు, ఆ తర్వాతదైతే రెండు నుంచి ఐదేళ్లు. పాత కేసుకు కొత్త శిక్ష లెక్కగట్టి బెయిలు వాదన మొదలుపెడితే మొదటి అడుగే తప్పుతుంది.

ఇవాళ్టి పని మహజరు. మన ఊళ్లలో పంచనామా అనో మధ్యవర్తుల నివేదిక అనో పిలిచే కాగితాన్నే బెంగళూరు స్టేషన్లలో మహజరు అంటారు. రాసేది కన్నడలో, ఎక్కువగా చేత్తో. తెలుగు చదివినవాళ్లకు కన్నడ అక్షరాలు వారంలో పట్టుబడతాయి. హెడ్ కానిస్టేబుల్ గొలుసుకట్టు మాత్రం అంత తొందరగా లొంగదు. అయినా గుమాస్తా చేసిన తర్జుమా పట్టుకుని సాక్షిని ఎదురు ప్రశ్నలు అడిగే క్రాస్‌కు లేవకండి. కొట్టివేతలు, ఇరికించిన అంకెలు, మారిన సిరా తర్జుమాలోకి రావు.

బల్ల మీద నాలుగు కాగితాలు పక్కపక్కన పరవండి: ఎఫ్ఐఆర్, మహజరు, కోర్టుకు పంపిన పి.ఎఫ్. (స్వాధీనం చేసుకున్న వస్తువుల ఫారం), మడివాళ ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు. తెల్లకాగితం మీద ఐదు గళ్లు గీసి టైము, చోటు, వస్తువు వర్ణన, సీలు, చేతులు మారిన వివరం నాలుగింటి నుంచీ ఎత్తి రాయండి. గంట పని. కేసు ఎక్కడ వదులుగా ఉందో ఆ గళ్లే చూపిస్తాయి.

టైము గడితో మొదలుపెడదాం. అభ్యాసం కోసం ఒక కేసు అనుకోండి. మెజెస్టిక్ బస్టాండు దగ్గర ఒకతన్ని పట్టుకుని నాటు పిస్తోలు, ఐదు తూటాలు స్వాధీనం చేసుకున్నారు. మహజరు సాయంత్రం 5:30 నుంచి 6:30 వరకు అక్కడికక్కడే రాశామన్నారు. ఎఫ్ఐఆర్ కట్టింది 7:45కు. కానీ మహజరు తలకట్టులో క్రైం నంబరు ఉంది. ఎఫ్ఐఆర్ కట్టాకే పుట్టే నంబరు 5:30కు బస్టాండులో ఎలా తెలిసింది? కాగితం స్టేషన్లో కూర్చుని రాసిందైనా అయుండాలి, నంబరు తర్వాత చేర్చిందైనా అయుండాలి. పోలీసులు రెండోదే చెబుతారు. అందుకే నంబరు వరసలో సాఫీగా కూర్చుందా, సందులో ఇరికించినట్టుందా, సిరా ఒకటేనా అన్నది అసలు ప్రతిలో చూసుకోవాలి.

క్రాస్‌లో వరస ముఖ్యం. మహజరు మొత్తం అక్కడే, ఒకే విడతలో, ఒకే పెన్నుతో రాశారని రాసిన అధికారితో ముందు చెప్పించండి. తర్వాత ఏమీ చేర్చలేదని చెప్పించండి. పంచుల (మధ్యవర్తి సాక్షుల) సంతకాలు అయ్యాకే లేచారని చెప్పించండి. నంబరు ఆఖరున. ముందే నంబరు అడిగితే “స్టేషన్‌కు వెళ్లాక వేశాను సార్” అని తప్పుకుంటాడు. ముందే ఎఫ్ఐఆర్ కట్టి దాడికి వెళ్లిన కేసులో మాత్రం ఈ ప్రశ్న పనికిరాదు. వేస్తే నవ్వుల పాలవుతారు.

2024 జులై 1 నుంచి ఇంకో గడి చేరింది. బి.ఎన్.ఎస్.ఎస్. (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105 ప్రకారం సోదా, స్వాధీనం, జాబితా, సాక్షుల సంతకాలు అన్నీ వీడియో తీయాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. గంటసేపు రాసిన మహజరుకు నాలుగు నిమిషాల వీడియో ఉంటే మిగతా యాభై ఆరు నిమిషాల సంగతి అడగాల్సిందే. వీడియో మొదలయ్యేసరికే పిస్తోలు బల్ల మీద ఉందా, నడుము దగ్గర నుంచి తీయడం కనిపిస్తోందా చూడండి. సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ ఉందా అన్నది వేరే ప్రశ్న, అదీ వదలొద్దు.

ఇక వస్తువు వర్ణన. తూటాల లెక్క చిన్నపిల్లల కూడికే, అయినా జారిపోతుంది. ఐదు తూటాలు ఎఫ్ఎస్ఎల్‌కు వెళ్లి, రెండు పరీక్షకు కాల్చారంటే, కోర్టుకు మూడు తూటాలు, రెండు ఖాళీ తూటా తొడుగులు తిరిగి రావాలి. తూటా అడుగున “8 ఎం.ఎం. కె.ఎఫ్.” అని మహజరులో రాస్తే రిపోర్టులోనూ అదే ఉండాలి. సీలు మీద ఏ అక్షరాలు, ఎన్ని చోట్ల వేశారు, వేశాక సీలు ఎవరికిచ్చారు? నమూనా సీలు పంపకుండానే “సీళ్లు సరిపోయాయి” అని రిపోర్టు వస్తే, దేనితో సరిపోల్చారని అడగండి. స్వాధీనానికీ ఎఫ్ఎస్ఎల్‌కు చేరడానికీ మధ్య ఇరవై రోజులుంటే మాల్‌ఖానా (స్టేషన్లో స్వాధీన వస్తువులు దాచే గది) రిజిస్టరు తెప్పించండి. పరీక్షించింది ఎఫ్ఎస్ఎల్ కాక రిజర్వు పోలీసు ఆర్మరర్ (ఆయుధాల మరమ్మతు చూసే ఉద్యోగి) అయితే, అతను బోనెక్కాలి. ఎఫ్ఎస్ఎల్ డైరెక్టరు, డిప్యూటీ, అసిస్టెంటు డైరెక్టర్ల రిపోర్టుకు బి.ఎన్.ఎస్.ఎస్. 329 ఇచ్చిన, బోనెక్కకుండానే రిపోర్టును సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు అతనికి వర్తించదు.

“తుప్పుపట్టింది, పేలదు” అన్న వాదన మీదే కేసు నిలబెట్టకండి. నిర్వచనంలో తుపాకీ విడిభాగాలూ ఉన్నాయి.

కత్తి కేసులో తూకం వేరు. 4వ సెక్షన్ కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతంలోనే వర్తిస్తుంది, కాబట్టి నోటిఫికేషన్ ప్రతి ఫైల్లో ఉందా చూడండి. 2016 ఆయుధాల నియమాల మొదటి షెడ్యూలు ఐదో వర్గంలో బ్లేడు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉండాలి. మహజరులో “మచ్చు, 14 అంగుళాలు” అని రాస్తే పిడితో కలిపే కొలిచి ఉండొచ్చు. కోర్టులో స్కేలు పెట్టించండి. పిడి ఐదున్నర తీసేస్తే బ్లేడు ఎనిమిదిన్నరే. ఆగండి, సంబరపడొద్దు. మచ్చు వెడల్పు కత్తి, రెండు అంగుళాలు దాటుతుంది, “పొడవో వెడల్పో” అన్న మాట దగ్గర చిక్కుకుంటారు. అక్కడ పనికొచ్చేది రెండో దారి: ఇంటి, పొలం పనులకు చేసిన వస్తువులను అదే వర్గం మినహాయిస్తుంది. ఎళనీరు (కొబ్బరి బోండాల) బండి మీద దొరికిన మచ్చుకు ఈ వాదన నిలుస్తుంది; అర్ధరాత్రి కారు సీటు కింద దొరికిన లాంగుకు (పొడవాటి కత్తికి) నిలవడం కష్టం.

పంచుల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. స్థానికులు లేరన్న ఒక్క కారణంతో కేసు పోదు. పట్టిన అధికారే దర్యాప్తు చేశాడన్నదీ అంతే. 2020లో ముకేశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తేల్చేసింది. 2018 నాటి మోహన్‌లాల్ తీర్పు (అలాంటి కేసు నిలవదన్నది) ఇంకా పట్టుకుని వాదించేవాళ్లున్నారు, మీరు వద్దు.

వచ్చే పాఠం 39వ సెక్షన్ అనుమతి. 3వ సెక్షన్ నేరానికి జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి లేనిదే ప్రాసిక్యూషన్ కుదరదు. చట్టం 2(1)(డి) ప్రకారం కమిషనరేటు ఉన్న ఊళ్లో ఆ అధికారం కమిషనరుది, లేదా ప్రభుత్వం పేర్కొన్న డీసీపీది. ఆ ఉత్తర్వులోని తూటాల సంఖ్య, తేదీ మీ గళ్ల కాగితంలో మరో గడిగా చేర్చుకుని రండి. అభ్యాసానికి ఒక ప్రశ్న: మహజరులో ఐదు తూటాలు, పి.ఎఫ్.లో ఐదు, అనుమతి ఉత్తర్వులో ఆరు. మొదటి ప్రశ్న ఏ సాక్షికి వేస్తారు, ఏ కాగితం చూపించి?