కిరుండి అక్షరాలు, ఉచ్చారణ: ఎక్కడ మొదలుపెట్టాలి

ఆఫ్రికా దేశం బురుండిలో మాట్లాడే కిరుండి భాషను రోమన్ లిపిలో రాస్తారు. క్యూ, ఎక్స్ అక్షరాలు వాడరు. ముందు అచ్చులు పట్టుకోండి: అ, ఎ, ఇ, ఒ, ఉ. ప్రతిదానికీ హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి. మామూలు రాతలో ఆ తేడా కనిపించదు, స్వరం ఎత్తూ కనిపించదు. అందుకే పుస్తకం ఒక్కటే చూసి నేర్చుకుంటే తప్పులు పాతుకుపోతాయి. విని పలకడం తప్పనిసరి.

ఒక సూత్రం మాత్రం బాగా పనికొస్తుంది. అనునాసికం (న్, మ్ లాంటి ముక్కుతో పలికే హల్లు), దాని వెంటనే మరో హల్లు వస్తే ముందున్న అచ్చు సాగుతుంది. మనిషి అనే మాటను 'ఉముంతు' అని రాసినా 'ఉమూంతు' అనే పలకాలి.

హల్లుల్లో 'సి' ఎప్పుడూ చ: 'ఇచుమి' అంటే పది. 'ఎన్', 'వై' కలిస్తే మన ఞ: 'ఇఞోని', పక్షి. 'జె' మాత్రం మన జ కాదు, ఇంగ్లిష్ వాళ్లు పలికే 'టెలివిజన్'లో వినిపించే మెత్తని ధ్వని.

ఎక్కువమంది తడబడేది 'బి' దగ్గర. 'కుబోన' (చూడటం)లో పెదవులు పూర్తిగా మూయకుండా గాలి వదలాలి. 'మ్' తర్వాత వస్తే గట్టి బ.