గోదారి ఎర్రబడక ముందే

గోదారి పాయల మధ్య ఉండే లంక ఊళ్లలో ఏటా వినపడే మాట ఒకటుంది: "ఎనభయ్యారు వరదే మా అరుగు ఎక్కలేదు, ఇప్పుడెక్కుతుందా!" 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. అంకె తగ్గింది కదా అని ధీమాగా కూర్చోవద్దు. అప్పటి నేల ఇప్పుడు లేదు. లంకలు కోసుకుపోయాయి, కొన్నిచోట్ల పాయల దారే మారింది.

అందుకే గుమ్మం ముందు నీళ్లు చూసి కాదు, భద్రాచలం అంకె చూసి బయల్దేరండి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి రోజు అటూ ఇటూగా పడుతుంది. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మీ చేతిలో ఉండేది ఆ ఒక్క రోజే. అందులో సగం రాత్రి.

గొడ్లను ముందు కదపండి. ఇంట్లో పెద్దాయన "నేను రాను" అని మంచం దిగకపోవడానికి అసలు కారణం పాకలో ఉన్న గేదే. కాజ్‌వే మునగక ముందే వాటిని ఏటిగట్టు మీదికి తోలేస్తే ఆయనా వెనకే వస్తాడు. గట్టు మీద చోటు, నాలుగు మోపుల ఎండుగడ్డి ముందే చూసుకోవాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి. ఏదీ కుదరక వదిలి వెళ్లాల్సి వస్తే పలుపు విప్పేయండి. గేదెకి ఈత వచ్చు, గుంజకి కట్టేసిన గేదెకి రాదు.

నెలలు నిండుతున్న ఆడపిల్లను ముందే ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలింట్లో దించండి. బీపీ, షుగర్ బిళ్లలు పదిహేను రోజులకు తెచ్చుకోండి. పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఆధార్ పాలిథిన్ కవర్లో చుట్టి గట్టి మూత డబ్బాలో పెట్టండి. గ్యాస్ బండ రెగ్యులేటర్ తీసేసి స్తంభానికి కట్టండి, లేకపోతే తేలిపోతుంది. గోడ మీద పాత వరద గీత ఉంటే మంచిదే, బియ్యం, మోటారు దానికి పైన అటకెక్కించండి. ఏటా సున్నం వేసి ఆ గీత ఎందుకు చెరిపేస్తారో నాకర్థం కాదు.

పడవ అంచు నీళ్లకు జానెడు కూడా పైకి లేకపోతే ఎక్కొద్దు. ఇంకో ట్రిప్పు వరకూ ఆగండి.

నీరు తీశాక పాములతో భయం. కట్లపాము నిద్రలో కాటేస్తుంది, నొప్పి తెలియకపోవచ్చు. కింద పడుకోకండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కాటేస్తే కోయడం, తాడు బిగించడం వద్దు. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. బోరు నీళ్లు మరగబెట్టే తాగండి. గోడలు ఆరి, లైన్‌మన్ వచ్చి చూసేదాకా మెయిన్ వేయకండి.